పాత జర్మన్ జోడుగొట్టపు రైఫిలు: దాని ముద్రలు చెప్పు కథ

క్రిందటి వేసవిలో ఒక ఆదివారమునాడు సనత్‌నగరులో మా వీధివారే యగు ఒక గృహస్థు నన్ను తమ యింటికి పిలిచిరి. ఆయన కుమారుడు నావద్ద భౌతికశాస్త్రము చదువుకొనిన విద్యార్థి. నేను వెళ్ళునప్పటికి బల్లమీద ఒక దుప్పటి పరచి, దానిపై ఒక పాత తుపాకిని ఉంచిరి. అది తాతగారినాటిది, లైసెన్సు చేతులు మారుచు వచ్చినది. దాని ప్రక్కనే మిలమిలలాడు ఒక క్రొత్త తూటాల పెట్టె ఉన్నది.

“చూడండి మాస్టారూ, తుపాకి ఎనిమిది మిల్లీమీటర్లదని మా నాన్నగారు చెప్పేవారు. పెట్టెమీద కూడా ఎనిమిదనే ఉంది. ఆయన పేరుమీద గురిస్థలంలో రెండు తూటాలు పేల్చుదామని మా కోరిక. ఇంక సందేహమేముంది?” అని ఆయన అడిగిరి.

సందేహము చాల ఉన్నది. ఆ సందేహము ఎట్టిదో, దానిని ఏ విధముగా తీర్చుకొంటిమో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇందులోని లెక్కలన్నియు ఉన్నత పాఠశాలలో నేర్పు ఘనమూలములకు, సాంద్రతకు, పీడనమునకు సంబంధించినవే. కాని ఈ లెక్క తప్పినచో పోవునది మార్కు కాదు. కన్నో, చేయియో, ప్రాణమో.

మన ఊరికి ఈ తుపాకులు ఎట్లు వచ్చినవి?

హైదరాబాదుకు తుపాకి క్రొత్తది కాదు. 1795 లో నిజాము కొలువులో నుండిన ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయు కర్మాగారము నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ అను పేట పేరు నేటికిని దానినే స్మరింపజేయుచున్నది. 1869 నుండి 1911 వరకు పాలించిన ఆరవ నిజాము మహబూబ్ ఆలీ ఖాను పులివేటగాడుగా ప్రసిద్ధుడు. 1902 లో వైస్రాయి కర్జను వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద విడిసి వేటాడినప్పటి ఛాయాచిత్రములను రాజా దీనదయాళు తీసెను.

అట్టి వేటలకు జోడుగొట్టపు రైఫిలును ఎక్కువగా కోరెడివారు. ఒక గొట్టము పేలిన వెంటనే, చేయి కదల్చకుండ, రెండవ గొట్టమును పేల్చవచ్చును. గాయపడిన పులి మీదికి దూకునప్పుడు ఆ అరక్షణమే ప్రాణాధారము. ఇవి ఇంగ్లండునుండియే కాక, జర్మనీలో తుపాకుల పనికి పేరుపొందిన సూల్ పట్టణమునుండి కూడ వచ్చుచుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట శకము ముగిసినది. తుపాకులు మాత్రము బీరువాలలో మిగిలినవి.

ఉక్కు పేరు, పనివాని పేరు

మా ముందున్న తుపాకి గొట్టముమీద “క్రుప్” అను పేరును, ఒకదానితో నొకటి పెనవేసికొన్న మూడు వలయములును చెక్కబడి ఉన్నవి. అందువలన ఇది క్రుప్ కంపెనీ తయారుచేసిన తుపాకి అని ఇంటివారి నమ్మకము. ఇది చాలమంది చేయు పొరపాటు. క్రుప్ అనునది గొట్టములకు ఉక్కు నిచ్చిన సంస్థ. ఆ మూడు వలయములు అతుకులేని రైలుచక్రపు పట్టాలకు గుర్తు. 1875 నుండి ఆ సంస్థకు అదియే వ్యాపారచిహ్నము. చొక్కా గుడ్డ నేసిన మిల్లు వేరు, చొక్కా కుట్టిన దర్జీ వేరు. అట్లే ఉక్కు పేరునుబట్టి పనివానిని నిర్ణయింపరాదు.

తుపాకి నిజమైన జాతకము పైకి కనబడు చోట ఉండదు. గొట్టములను విప్పి తీసి, వాని అడుగుభాగమును చూడవలెను. అక్కడనే ప్రభుత్వ పరీక్షాగృహము వేసిన చిన్న చిన్న ముద్రలు ఉండును.

కిరీటము క్రింది అక్షరములు

క్రొత్త తుపాకిని అమ్మకమునకు పూర్వము, మామూలుకన్న హెచ్చు మందుతో పేల్చి, తట్టుకొనినదానికి మాత్రమే ముద్ర వేయు ఆచారము ఐరోపాలో పాతది. లండనులో అది 1637 నాటికే కలదు. జర్మనీలో ఇది 1891 నాటి చట్టముచే నిర్బంధమై, 1893 నుండి అమలులోనికి వచ్చెను. ఆ ముద్రలలో కిరీటము క్రింద ఒక్కొక్క జర్మన్ అక్షరము ఉండును. ‘బి’ అనగా పేల్చి పరీక్షించినది; ‘యు’ అనగా పేల్చిన పిదప తిరిగి తనిఖీ చేసినది; ‘జి’ అనగా లోపల మరచుట్టు గాడులు గలది; ‘ఎస్’ అనగా రవ్వగుండ్లకు ఉద్దేశించిన నున్నని గొట్టము; ‘డబ్ల్యు’ అనగా మూతివద్ద ఇరుకుచేసిన గొట్టము. 1911 ప్రాంతమున ‘ఎన్’ వచ్చి చేరెను. ఇది పొగలేని మందుతో పరీక్షింపబడినదనుటకు గుర్తు. 1940 నుండి కిరీటము పోయి, దాని స్థానమున డేగ వచ్చెను.

మా తుపాకిమీద కిరీటములతో బి, యు, జి ఉన్నవి, ఎన్ లేదు. ఎన్ లేనంతమాత్రమున ఇది పాతకాలపు తుపాకిమందుకే చేసినదని తేల్చరాదు. ఏలయన 1911 కు పూర్వము పొగలేని మందుకై చేసిన రైఫిళ్ళకు కూడ ఆ అక్షరము ఉండదు. దీనివలన మనకు తెలిసినది ఒక్కటే: ఇది ఇరువదవ శతాబ్ది తొలి దశకమునకో, అంతకు ముందునకో చెందినది.

ఇంకను కొన్ని జర్మన్ తుపాకులమీద మందు తూకమును, గుండు తూకమును గ్రాములలో చెక్కి ఉండును. “జి.బి.పి.” అనిన రైఫిలుకు వాడు రేకుమందు, “ఎస్‌టి.ఎమ్.జి.” అనిన ఉక్కు తొడుగు గల గుండు. అట్టి ముద్ర దొరికిన అదృష్టమే. మాకు దొరకలేదు. దొరికినది ఒక వింత సంఖ్య: 172.28.

ఆ సంఖ్య ఏమి?

“ఇది నెంబరు కాదా మాస్టారూ?” అని విద్యార్థి అడిగెను. వరుససంఖ్యలో దశాంశ బిందువు ఉండదు గదా! ఇది గొట్టపు లోపలి వ్యాసమును చెప్పు పాత పద్ధతి. ఒక పౌను సీసమును ఎన్ని సమానమైన గుండ్లుగా చేసినచో ఒక్కొక్క గుండు ఆ గొట్టములో పట్టునో, ఆ సంఖ్యయే ఆ గొట్టపు కొలత. పన్నెండు బోరు తుపాకి అను మాట మనమందరము విన్నదే. దాని అర్థము కూడ ఇదియే.

దీనిని లెక్కవేసి చూతము. ఒక పౌను అనగా 453.6 గ్రాములు. సీసపు సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 11.34 గ్రాములు. కనుక ఒక పౌను సీసపు ఘనపరిమాణము 40 ఘనసెంటీమీటర్లు. దీనిని ఒకే గోళముగా చేసిన దాని వ్యాసము సుమారు 42.4 మిల్లీమీటర్లు వచ్చును. గోళపు ఘనపరిమాణము వ్యాసపు ఘనమును అనుసరించి యుండును. కావున పౌనును ఎన్ని గుండ్లు చేసితిమో, ఆ సంఖ్య ఘనమూలముతో 42.4 ను భాగించిన ఒక్కొక్క గుండు వ్యాసము తెలియును.

పన్నెండు ఘనమూలము 2.289. భాగింపగా 18.5 మిల్లీమీటర్లు వచ్చును. అది సరియే. ఇక 172.28 ఘనమూలము 5.564, భాగింపగా 7.62 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో పదింట మూడు వంతులు. విద్యార్థి తానే లెక్కవేసి, “అయితే ఇది ఎనిమిది మిల్లీమీటర్లది కాదే!” అని ఆశ్చర్యపడెను.

తొందరపడరాదు. పరీక్షాగృహమువారు గొట్టములోనికి అంగుళములో నూరవ వంతు తేడాతో ఒకదానికంటె నొకటి లావగు కడ్డీలను దూర్చిచూచి, దూరిన వానిలో మిక్కిలి లావైనదాని సంఖ్యను వేసెడివారు. 7.62 కడ్డీ దూరినది. దాని తరువాతిది 7.87 కడ్డీ, దాని సంఖ్య 156.14, అది దూరలేదు. కనుక గొట్టపు ఇరుకు వ్యాసము ఈ రెండింటి మధ్య నున్నదని మాత్రమే ముద్ర చెప్పుచున్నది. ఈ ఒక్క మాటలోనే మా సమస్య కీలకము దాగియున్నది.

రెండు ఎనిమిదులు

జర్మన్ సైన్యము 1888 లో ప్రవేశపెట్టిన ఎనిమిది మిల్లీమీటర్ల తూటాలో గుండు వ్యాసము సుమారు 8.09 మిల్లీమీటర్లు. 1905 ప్రాంతమున దానిని మార్చి, తేలికయైన మొనదేలిన గుండును ప్రవేశపెట్టినప్పుడు, వ్యాసమును సుమారు 8.22 కు పెంచిరి. తూటా పొడవు అదే. పేరు కూడ ఇంచుమించు అదే. పాతదానికి ‘ఐ’ అనియు, క్రొత్తదానికి ‘ఐ.ఎస్.’ అనియు గుర్తు. ఐ అనునది పదాతిదళమును, ఎస్ అనునది మొనదేలిన గుండును తెలుపును. పాత జర్మన్ లిపిలో ఐ అక్షరము జె వలె కనబడుటచే కొన్ని పెట్టెలపై జె అని ఉండును. జోడుగొట్టపు తుపాకులకు వాడు అంచుగల తూటాలకు నడుమ ‘ఆర్’ చేరును.

పాత కొలత గొట్టములో గట్ల మధ్య ఇరుకు వ్యాసము సుమారు 7.80, క్రొత్త కొలతలో 7.89. ఇప్పుడు కడ్డీలను జ్ఞాపకము చేసికొందము. 7.87 కడ్డీ క్రొత్త గొట్టములో దూరవలెను, పాతదానిలో దూరరాదు. మా తుపాకిలో దూరలేదు! నూరేండ్లకు పైబడిన ఆ చిన్న ముద్ర “నేను పాత కొలతదానిని” అని సూచించుచున్నది. గృహస్థు తెచ్చిన పెట్టెపై ఉన్నది ఐ.ఆర్.ఎస్.

రెండు గుండ్లకు భేదము 0.13 మిల్లీమీటరు. ఇది మనము వ్రాసికొను కాగితపు మందము కన్న కొంచెమే హెచ్చు. కాని ఉక్కులో అంత భేదము చిన్నది కాదు.

సీసము చెప్పిన సాక్ష్యము

ముద్ర ఇచ్చునది సూచన మాత్రమే. ఇన్నేండ్లలో గొట్టమును ఎవరైన తొలిపించి ఉండవచ్చును. తూటాగదిని మార్పించి ఉండవచ్చును. కావున కొలిచి చూడక తప్పదు. లైసెన్సు గల తుపాకి పనివానిని పిలిచి, యజమాని సమక్షముననే రెండు పరీక్షలు చేయించితిమి.

మొదటిది, మెత్తని సీసపు గుండునకు నూనె రాసి, గొట్టములోనికి నెమ్మదిగా నెట్టి, రెండవ కొననుండి వెలికి తీయుట. సీసము గాడుల లోతువరకు వ్యాపించి, గొట్టపు లోపలి ఆకారమును అచ్చుగా తీసికొని వచ్చును. రెండవది, తూటాగదిలో అచ్చు పోయుట. దీనికి బిస్మతు, సీసము, తగరము, కాడ్మియము కలిసిన ఒక మిశ్రలోహము కలదు. అది మరుగు నీటి వేడికన్న తక్కువలోనే కరగును. గట్టిపడిన మొదటి అరగంటలో అది కుంచించుకొనును. అందువలన అచ్చు సులువుగా ఊడివచ్చును. పిదప మెల్లగా వ్యాకోచించి, సుమారు ఒక గంటకు తూటాగది సరియైన కొలతకు వచ్చును. ఆపైన ఇంకను కొంచెము పెరుగును. కాబట్టి దానిని గడియారము చూచి కొలువవలెను.

సనత్‌నగరు పారిశ్రామికవాడలో ముప్పది యేండ్లు లేతు యంత్రముపై పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక పెద్దాయన తన మైక్రోమీటరు తెచ్చి సీసపు గుండును కొలిచెను. మూడు చోట్ల మూడుసార్లు కొలిచి, “ఎనిమిది పాయింటు సున్న ఏడు. ఎనిమిది పాయింటు రెండు మాత్రం కాదు బాబూ” అనెను. రెండవ గొట్టముకూడ అట్లే వచ్చెను. ముద్ర చెప్పినది నిజమైనది.

ఒక పీచుదారమంత భేదమునకు ఇంత భయమేల?

పాతకాలపు తుపాకిమందు సురేకారము, గంధకము, బొగ్గుల మిశ్రమము. అది మండినప్పుడు సగముకన్న హెచ్చు భాగము ఘనపదార్థముగనే మిగులును, పొగ అదే. 1884 లో ఫ్రాన్సు దేశమున పాల్ వియ్యీ కనిపెట్టిన పొగలేని మందు దాదాపు పూర్తిగ వాయువుగా మారును. అంతకన్న ముఖ్యమైన విషయము, ఆ మందు మండు వేగము చుట్టునున్న పీడనమును బట్టి హెచ్చును. పీడనము పెరిగిన వేగము పెరుగును. వేగము పెరిగిన పీడనము ఇంకను పెరుగును. గుండు ముందుకు జరిగి చోటు నిచ్చుచున్నంత వరకే ఈ పరుగు అదుపులో నుండును. లావైన గుండు ఇరుకు గొట్టములో చిక్కి ఆలస్యము చేసినచో, ఆ వేయవ వంతు సెకనులోనే పీడనము హద్దు దాటును. భేదము చిన్నదైనను ఫలితము చిన్నది కాకపోవుటకు కారణమిదియే.

ఈ పీడనము ఎంత? చదరపు సెంటీమీటరుకు 3,000 కిలోగ్రాములు అనుకొందము; ఈ తరగతి రైఫిలుకు ఇది అసాధారణము కాదు. తూటా అడుగున వాయువు ఒత్తు చోటు ఒక సెంటీమీటరు వ్యాసము గలదైనచో, వైశాల్యము 0.785 చదరపు సెంటీమీటర్లు. తుపాకి వెనుకగోడపై పడు బలము సుమారు 2,350 కిలోగ్రాములు. రెండు చిన్న కార్ల బరువు కన్న ఇది హెచ్చు. దీనిని మోయునవి ఒక బందు, ఒకటి రెండు గొళ్ళెములు. వాని వెనుక ఒక అరచేతి దూరములో పేల్చువాని కన్ను ఉండును.

ఇక గొట్టపు గోడ మాట. లోపలి పీడనము గోడను చుట్టువైపు చీల్చజూచును. లోపలి వ్యాసార్ధము 6 మిల్లీమీటర్లు, బయటి వ్యాసార్ధము 12 అయినచో, లోపలి అంచువద్ద ఉక్కు భరింపవలసిన ప్రతిబలము పీడనమునకు 144, 36 ల మొత్తమును వాని భేదముతో భాగించినంత రెట్లు, అనగా 1.67 రెట్లు. 3,000 పీడనమునకు ఇది 5,000. బయటి వ్యాసార్ధము 10 మాత్రమే అయినచో 136 ను 64 తో భాగింపవలెను, రెట్లు 2.125, ప్రతిబలము దాదాపు 6,400. రెండు మిల్లీమీటర్ల గోడ తగ్గిన భారము ఇంత పెరిగినది! తేలికగా నుండుటకై సన్నగా చేసిన తుపాకికి నేటి బలమైన తూటా ఏల పనికిరాదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

దీనికి తోడు తుప్పు. పాత తూటాల మూకుడుమందులో పొటాసియం క్లోరేటు ఉండెడిది. పేలినప్పుడు అది పొటాసియం క్లోరైడుగా మారి గొట్టములో నిలుచును. ఇది ఉప్పు జాతికి చెందినది. గాలిలోని తేమను పీల్చుకొనును. వేట ముగిసిన రాత్రి గొట్టమును నీటితో కడుగక నూనె మాత్రము రాసినవారి తుపాకులలో, వానకాలములు గడచుకొలది గుంటలు పడినవి. నూనెలో ఉప్పు కరగదు గదా!

తుపాకియే చెప్పు రెండవ సాక్ష్యము

జోడుగొట్టపు రైఫిలులో ఒక విశేషము కలదు. దాని రెండు గొట్టములు సమాంతరములు కావు. ముందువైపు కొంచెము దగ్గరకు వచ్చునట్లు అతికింపబడి ఉండును. కుడి గొట్టము తుపాకి మధ్యరేఖకు కుడివైపున ఉన్నందున, అది పేలినప్పుడు వెనుకకు వచ్చు తాకిడి తుపాకిని కుడివైపుకు త్రిప్పును, ఎడమది ఎడమకు. గుండు గొట్టమును విడుచులోపలనే ఈ త్రిప్పు కొంత జరిగిపోవును. దానిని సరిదిద్దుటకే ఆ వంపు. పనివాడు ఒకానొక మందుకు, ఒకానొక గుండుకు సరిపోవునట్లు పేల్చి చూచి, టంకము కరగించి, సవరించి, మరల పేల్చి, రెండును ఒకే చోట తగులువరకు దిద్దును.

కనుక మందు తక్కువై గుండు మెల్లగా పోయిన, అది గొట్టములో ఎక్కువసేపు ఉండును. తుపాకి ఎక్కువ తిరుగును. కుడిగుండు కుడికి, ఎడమగుండు ఎడమకు ఎడముగా పడును. వేగము మరీ హెచ్చైన త్రిప్పు చాలక గుండ్లు ఒకదానినొకటి దాటి పోవును. రెండును దగ్గరగా పడినచో, ఆ తుపాకిని మొదట దిద్దిన వేగమునకు మనము చేరితిమని అర్థము. పుట్టిననాటి తూటా వేగమును తుపాకి తన ఎముకలలో దాచుకొని ఉన్నదన్నమాట.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. వేగము సరిపోయినంత మాత్రమున పీడనము సరిపోయినట్లు కాదు. త్వరగా మండు మందు అదే వేగమును ఎక్కువ పీడనముతో ఇయ్యగలదు. గుండ్లు ఒకచోట పడుట గురికి సాక్ష్యమే కాని క్షేమమునకు సాక్ష్యము కాదు.

క్షేమమైన తూటాను ఎట్లు నిర్ణయింతురు?

నిపుణులు అనుసరించు వరుస ఇది. మొదట తుపాకి ఆరోగ్యము: గొట్టములలో గుంటలు, ఉబ్బులు, పగుళ్ళు, బందు వదులు చూతురు. రెండవది గుర్తింపు: ముద్రలు, సీసపు గుండు, తూటాగది అచ్చు, ఈ మూడును ఏకీభవింపవలెను. మూడవది, ఆ తూటాకు మందు తయారీదారులు ప్రకటించిన పట్టికలు చూచి, పీడనము అన్నిటికన్న తక్కువగా నున్నదానినుండి ప్రారంభించుట. మందు తగ్గించిన కొలది క్షేమమని తలచుట కూడ పొరపాటే. కొన్ని నెమ్మదిమందులు తూటాలో సగమే నిండినప్పుడు అనూహ్యమైన పీడనమును పుట్టించును. నాలుగవది, మొదటి తూటాలను చేతబట్టక, తుపాకిని బిగించి, దూరమునుండి త్రాడుతో పేల్చుట, వేగమును కొలుచుట, ఖాళీ తూటాలను పరీక్షించుట.

పీడనమును కొలుచుటకు 1860 ప్రాంతమున ఆండ్రూ నోబుల్ ఒక చిన్న రాగిముక్కను నలిపించి, అది ఎంత పొట్టియైనదో చూచెడి పద్ధతి కనిపెట్టెను. నేడు ఒత్తిడికి విద్యుత్తు నిచ్చు క్వార్ట్జు స్ఫటికము ఆ పని చేయుచున్నది. ఆ గుణమును క్యూరీ సోదరులు 1880 లో కనుగొనిరి. 1914 లో బెల్జియములోని లియేజ్ నగరమున ఏర్పడిన అంతర్జాతీయ సంఘపు నియమము ప్రకారము రైఫిలును గరిష్ఠ పీడనముకన్న నూటికి ఇరువదియైదు వంతులు హెచ్చుతో పరీక్షింతురు. ఆ ఇరువదియైదు మన క్షేమమునకు విడిచిన జాగా. వాడుకొనుటకు ఇచ్చిన అనుమతి కాదు.

ఈ పనులేవియు ఇంటిలో చేయదగినవి కావు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తుపాకులను బాగుచేయుటకు, పరీక్షించుటకు, తూటాలు తయారుచేయుటకు కూడ లైసెన్సు కావలెను. సీసమును, కాడ్మియము గల లోహమును కరగించు పని విద్యార్థులు చేయరాదు. విద్యార్థికి మిగులునది లెక్క. అది మాత్రము స్వేచ్ఛగా చేసికొనవచ్చును.

ముగింపు

మేము కొలతలన్నియు ఒక కాగితముపై వ్రాసి గృహస్థుకు చూపితిమి. ఒక వరుసలో గొట్టము, 8.07, దాని క్రింద పెట్టెలోని గుండు, 8.22. ఆయన చాలసేపు ఆ రెండు అంకెలను చూచెను. “అంటే మేమే ఆ పని చేసి ఉంటే…” అని ఆగిపోయెను. కుమారుడు మారుమాటాడక పెట్టెను మూసి, తిరిగి దుకాణమునకు ఇచ్చివేయుటకై సంచిలో పెట్టెను.

తుపాకి మరల బీరువాలోనికి పోయినది. దానిని పేల్చవచ్చునో లేదో నిపుణులు తేల్చువరకు అది అక్కడనే ఉండును. అయితే ఇప్పుడు దాని పిడికి ఒక చీటి దారముతో కట్టబడి ఉన్నది. దానిపై విద్యార్థి స్వహస్తముతో ఇట్లు వ్రాసెను: “గొట్టము 8.07. ఎస్ గుర్తు గల తూటా వేయరాదు.” మరి ఏబది యేండ్లకు ఆ బీరువాను తెరుచువారు ఎవరో మనకు తెలియదు. వారికి ఈ ఒక్క వాక్యము, తుపాకికన్న విలువైన ఆస్తి.